పడమటి కిటికీ

ఆషాఢం గాలికి ఆఫీసు తలుపు టపటప కొట్టుకుంటుంటే జాకబ్ లేచి మూయబోయాడు. అవతలి నుంచి ఎవరో దాన్ని పట్టుకుని ఆపారు. గుమ్మంలో ముప్పై ఏళ్లు దాటని మనిషి నిలబడి ఉంది. తల చుట్టూ కొంగు బిగించి కట్టుకున్నా ఆమె కనురెప్పల మీద ఎర్రమట్టి పేరుకుంది.

“డిటెక్టివ్ మేడమ్ ఉండేది ఈడనేనా అన్నా?”

జాకబ్ ఆమెను లోపలికి పిలిచి మంచినీళ్లిచ్చాడు. ఆమె కొంగు విప్పి కళ్లు తుడుచుకుని, గ్లాసు ఖాళీ చేసింది.

కృపాకుమారి చదువుతున్న కాగితాలు పక్కన పెట్టి ఆమెకు ఎదురుగా వచ్చి కూర్చుంది. పోలీసు ఫోరెన్సిక్ ల్యాబ్‌లో ఏళ్ల తరబడి రసాయనాలు పరీక్షించి, ఉద్యోగం వదిలి, సొంత ఊరు అనంతపురంలో ఈ ఆఫీసు తెరిచిన మనిషి ఆమె. ఆమె ప్రశ్నలు వేసే తీరు చూడటానికే ఆమె సహాయకుడు జాకబ్ పామిడి నుంచి రోజూ బస్సెక్కి వస్తాడని అతని ఇంట్లోవాళ్లు ఎగతాళి చేస్తారు. అందులో అబద్ధం లేదు.

“నా పేరు ఈశ్వరి మేడమ్. పుట్టినిల్లు మడకశిర పక్క. ఈడ బైపాస్ అవతల కొత్త కాలనీలో ఉంటాం. మా అత్తకు నేను విషం పెడతాండానంట.”

“ఎవరంటాండేది?”

“మా బావ హరినాథ్, మా ఆయనకు అన్న. ఆదివారం దాకా చూస్తాడంట. నేను ఒప్పుకోకపోతే పోలీసులకు చెప్తాడంట.”

ఆమె చెప్పింది విడతలు విడతలుగా వచ్చింది. అత్త పేరు పెద్దక్క. ఆమెకు పోయిన ఏడు ఆషాఢ శ్రావణాల గాలికాలంలో జబ్బు మొదలైంది. కడుపులో మెలిపెట్టే నొప్పి, ఆకలి లేకపోవడం, నీరసం. చలికాలంలో కొంచెం తేరుకుంది. ఈ ఏడు మళ్లీ గాలి తిరిగేసరికి నొప్పులు రెండింతలయ్యాయి, కుడిచేతి మణికట్టు వేలాడిపోయింది. పెద్దాస్పత్రిలో రక్తం పరీక్ష చేసి, ఒంట్లో సీసం చేరిందన్నారు. ఎక్కడి నుంచో లోపలికి పోతోంది, అదేదో కనుక్కోమన్నారు.

“సీసం అనే మాట డాక్టర్ నోట్లో నుంచి వచ్చిందో లేదో, ‘ఇంట్లో వంట చేసేది ఎవరు?’ అని మా బావ నా మొగం చూసినాడు మేడమ్. ఆ పొద్దు నుంచి ఆయమ్మ నా చేతి బువ్వ ముట్టలేదు.”

“మీ ఆయన ఏమన్నాడు?”

“శివప్పా? ఏమీ అనలేదు. గమ్మున ఉండాడు. తిట్టినా బాగుండు.”

“మీ ఆరోగ్యం ఎట్లుండాది?”

ఆ ప్రశ్న ఈశ్వరిని అంతవరకు ఎవరూ అడిగినట్టు లేదు.

“రెండు తూర్లు కడుపు నిలబడలేదు మేడమ్. అదీ నా పాపమేనంట.”

“రేపు పొద్దున్నే మీరూ రక్తం ఇవ్వాల,” అంది కృపాకుమారి. “మధ్యాహ్నం మేం మీ ఇంటికి వస్తాం.”

*

కొత్త కాలనీ పడమటి అంచున ఆఖరి ఇల్లు వాళ్లది. ఉత్తరాన గుట్టను తొలిచే క్రషర్ నుంచి తెల్లని దుమ్ము లేస్తోంది. తూర్పున బైపాస్ మీద లారీలు పొగ కక్కుకుంటూ పోతున్నాయి. పడమట బీడు పడిన చేను, దాని అవతల పాత చెనిక్కాయల మిల్లు, మిల్లు మీద పొట్టి పొగగొట్టం. వరసగా కరువులొచ్చి వేరుశనగ పండక మూతబడిన ఆ మిల్లులో ఇప్పుడు బయటి నుంచి తెచ్చిన పొట్టును ఇటుకల్లా నొక్కి బాయిలర్లకు పంపుతున్నారట. శివప్ప అక్కడే మేస్త్రీ.

పడమటి పంచకు నీలం టార్పాలిన్ పట్ట కొత్తగా కట్టి ఉంది. దాని వెనక ఖాళీ నులకమంచం. పెద్దక్క మాత్రం తూర్పు గదిలో గోడకానుకుని కూర్చుంది. కృపాకుమారి ఆమెను నోరు తెరవమని, టార్చి వేసి చిగుళ్లు చూసింది. పళ్ల మొదట్లో, సీసం వదిలే గుర్తుగా, సన్నగా నల్లని గీత ఉంది.

“గొర్రెను బేరం చేసేటోళ్ల మాదిరి పండ్లు చూస్తాండావేందమ్మా?” అంది ముసలామె.

“మునుపు మీరు పొద్దుపోయేదాకా యాడ కూర్చుంటాంటిరి?”

“పడమటి పంచలోనే. చింతపండుకు గింజ తీస్తా, ఆకూవక్కా నములుకుంటా. కోడలు బట్టలు కుట్టే కంపెనీకి పోతాది, కొడుకు మిల్లుకు పోతాడు. నాకు కోళ్లే తోడు. అవీ పోయిన ఏడు గాలికాలంలో ఒకదాని ఎనక ఒకటి సచ్చిపాయ.”

“మంచం లోపలికి ఎవరు మార్చినారు?”

“శివప్ప. ఆస్పత్రి నుంచి వచ్చిన పొద్దే మార్చినాడు. దుమ్ము వస్తాదమ్మా అని పట్ట కట్టినాడు.”

“ఇంతకు ముందు ఏ ఏడన్నా కట్టినాడా?”

“గాలిలో పుట్టినోళ్లం, మాకు పట్టలెందుకు తల్లీ?” పెద్దక్క కుడిచేతిని ఎడమచేత్తో ఎత్తి ఒళ్లో పెట్టుకుంది. “వాడికి నేనంటే పానం.”

తల్లిని ఇంత కనిపెట్టుకుని ఉండే కొడుకు భార్య విషయంలో నోరెందుకు మెదపడా అని జాకబ్ అనుకున్నాడు. అంతలో ఖాకీ చొక్కాతో హరినాథ్ వచ్చాడు. అతను ఆర్టీసీ కండక్టరు, కాలనీ తూర్పు కొసన వేరే కాపురం.

“దీంట్లో కనుక్కునేకి ఏముండాది మేడమ్? అన్నం పెట్టేది ఒక్కతే. సావుకు దగ్గరైంది మా అమ్మ ఒక్కతే.”

“మీ అమ్మ అన్నం ఒక్కటే తింటాందా? మందులేమీ లేవా?”

హరినాథ్ తడబడ్డాడు. “గుత్తిలో చెన్నప్ప అని నాటువైద్యుడుండాడు. మోకాళ్ల నొప్పికి చూర్ణం ఇస్తాడు. నేనే తెచ్చిస్తాండా.”

జాకబ్‌కు వెంటనే గుర్తొచ్చింది. నాటు భస్మాల్లో సీసం కలవడం గురించి కృపాకుమారే ఒకసారి చెప్పింది. అతను చూర్ణం పొట్లాన్ని కవర్లో వేసి, దొరికిందన్నట్టు ఆమె వైపు చూశాడు. ఆమె చూపు మాత్రం పెరట్లో దండెం మీద ఉంది. శివప్ప లుంగీ నిండా ఆవగింజలంత చిల్లులున్నాయి.

“మిల్లులో నిప్పురవ్వలు పడతాయంట,” అంది ఈశ్వరి.

కృపాకుమారి ఒక చిల్లును వేలితో తడిమింది. “అంచు మాడలేదే,” అని మాత్రం అంది.

శివప్ప ఎండ వాలే వేళకు వచ్చాడు. గాలిలో అరగంట నడిస్తే ఎవరైనా మట్టిబొమ్మ అయ్యే ఆ రోజుల్లో అతని తల తడిగా, చొక్కా తెల్లగా ఉన్నాయి. పని నుంచి బయలుదేరేముందు మిల్లు బోరు దగ్గర స్నానం చేసిగానీ ఇంటికి రాడని ఈశ్వరి చెప్పింది. వచ్చీరాగానే తల్లి దగ్గర కూర్చుని ఆ వేలాడే చేతిని నూనె రాసి రుద్దడం మొదలుపెట్టాడు.

“ఇంట్లో అందరి రక్తం పరీక్ష చేయించాల శివప్పా,” అంది కృపాకుమారి. “మీ అన్న ఒప్పుకున్నాడు. నువ్వు కూడా రేపు రా.”

“సూది అంటే నాకు కళ్లు తిరుగుతాయి మేడమ్.” అతను తలెత్తకుండానే అన్నాడు. “నాకేం రోగం లేదు. వాళ్లకు చేయండి.”

వెళ్లేముందు కృపాకుమారి పట్ట వెనకనున్న పడమటి కిటికీ దోమల జాలీలోంచి అరచేయంత ముక్క కత్తిరించింది. తూర్పు కిటికీ జాలీలోంచి ఇంకో ముక్క. జాకబ్ చేత మిద్దె మీద చిన్న పంపు పెట్టించింది. గాలిని పీల్చి, దానిలోని సన్నని ధూళిని తెల్లని ఫిల్టరు మీద పట్టే యంత్రం అది. రోజూ ఫిల్టరు మార్చే పని జాకబ్‌ది.

“నువ్వొకసారి మిల్లు చుట్టూ తిరిగి రా,” అంది అతనితో.

మిల్లు గేటుకు లోపలి నుంచి తాళం వేసి ఉంది. గోడ పక్కగా వెనక్కి పోతే ఎండిన వంకలో పొట్టు బూడిద, దాని కింద పలకలు పలకలుగా పగలగొట్టిన నల్లని గట్టి ప్లాస్టిక్ పెంకులు కనిపించాయి. అక్కడి పొగ గొంతులోకి తియ్యగా, చేదుగా దిగింది. తిరిగి వచ్చి చెబితే కృపాకుమారి కారు అద్దం పైకెత్తి, బండి ఊరివైపు తిప్పింది.

*

యూనివర్సిటీలో రసాయనశాస్త్రం చెప్పే ఆమె పాత స్నేహితురాలు ఫలితాలు పంపింది. జాకబ్ ముందుగా చూర్ణం సంగతి చూశాడు. అందులో సీసం లేదు. చెన్నప్ప ఇచ్చేది ఉత్త శొంఠి, వాము, పసుపు. అతని ముఖం వాడిపోయింది.

“రక్తం చూడు,” అంది కృపాకుమారి.

హరినాథ్ రక్తంలో సీసం లెక్కలోకి వచ్చేంత లేదు. ఈశ్వరి రక్తంలో ఉంది. పెద్దక్కకున్న దానిలో సగం.

“అంటే ఈశ్వరి కాదు మేడమ్!” జాకబ్ దాదాపు అరిచాడు. “విషం పెట్టేదైతే తానెందుకు తింటుంది? ఇప్పుడే ఫోన్ చేసి చెప్పనా? పాపం, ఎంత సంతోషిస్తుందో.”

కృపాకుమారి జాలీ ముక్కల ఫలితాలున్న కాగితం మడతపెట్టి సంచిలో పెట్టుకుంది.

“ఆమె కాదని చెబితే, మరి ఎవరని అడుగుతుంది జాకబ్. సంతోషించే జవాబు మన దగ్గర లేదు.”

*

ఆదివారం పొద్దున తూర్పు గదిలో అందరూ చేరారు. పెద్దక్క మంచం మీద, ఆమె పక్కన శివప్ప. హరినాథ్ తలుపు దగ్గర కుర్చీలో. ఈశ్వరి వంటగది గుమ్మం దాటి లోపలికి రాలేదు. గుత్తి నుంచి పిలిపించిన చెన్నప్ప, తన పేరు ఎందులో ఇరికిందో తెలియక, గోడ వార నిలబడ్డాడు.

“మీ చూర్ణంలో తప్పేమీ లేదు చెన్నప్పా, కూర్చోండి,” అంటూ మొదలుపెట్టింది కృపాకుమారి. “ఈశ్వరి వంటలోనూ తప్పు లేదు. ఈ ఇంట్లోకి విషం గిన్నెలో రాలేదు. గాలిలో వచ్చింది.”

“గాలంటే ఊరంతా పీలుస్తాండాది గదా మేడమ్,” అన్నాడు హరినాథ్.

“నిజమే. అయితే మనం దుమ్ము అని ఒకే పేరుతో పిలిచేదాంట్లో వంద రకాలుంటాయి. చేల మట్టి దుమ్ములో ఇసుక, అల్యూమినియం, ఇనుము ఉంటాయి. గుట్ట దుమ్ములో రాతిపొడి ఉంటాది. లారీ పొగలో మసి. పొట్టు, కట్టెలు కాలిస్తే పొటాషియం బయటపడతాది. దేంట్లో నుంచి లేచిన ధూళి దాని గుర్తు మోసుకొస్తాది. మీ తూర్పు కిటికీ జాలీలో మట్టి, లారీల మసి దొరికినాయి. పడమటి జాలీలో వాటితోపాటు సీసం దొరికింది.”

హరినాథ్ కుర్చీలో ముందుకు జరిగాడు.

“ఏ సీసం అనేది కూడా తెలుస్తాది. గోడలకేసే పాత రంగుల్లోదైతే దాని వెంట వేరే లోహాలుంటాయి. ఈ సీసం వెంట ఆంటిమొనీ అనే లోహం, గంధకం ఉండాయి. ఆ మూడూ కలిసి ఉండేది లారీల బ్యాటరీలలో. వాటితోపాటు పొట్టు మసి. పొట్టు మంట మీద పాత బ్యాటరీలు కరిగించి సీసం తీస్తాండారు. మిద్దె మీద పెట్టిన ఫిల్టరు కూడా అదే చెప్పింది. పడమటి గాలి వీచిన పగటిపూటల్లో అది నల్లబడింది. గాలి తిరిగిన దినం మట్టిరంగులోనే ఉండింది. ఈ ఇంటికి పడమట ఉండేది ఒక్కటే.”

“మిల్లు,” అన్నాడు హరినాథ్. అతని కళ్లు నెమ్మదిగా తమ్ముడి మీదికి తిరిగాయి.

“మిల్లు వెనక వంకలో బ్యాటరీ పెంకులు జాకబ్ కళ్లారా చూసినాడు. లుంగీ మీద చిల్లులు నిప్పురవ్వలవి కాదు. నిప్పుదైతే అంచు మాడతాది. అవి బ్యాటరీ యాసిడ్ చిల్లులు. గాలికాలమంతా ఆ పొగ నేరుగా పడమటి పంచలోకి వచ్చింది. పెద్దక్క పగలంతా ఆడనే కూర్చుని, ఆ దుమ్ము పీలుస్తా, దుమ్ము చేతులతోనే ఆకూవక్కా నమిలింది. ఈశ్వరి పగలు కంపెనీలో ఉన్నందుకు సగంతో బయటపడింది. చలికాలంలో గాలి ఎదురు తిరిగినప్పుడు పెద్దక్క తేరుకునింది. కోళ్లకు ఆ అదృష్టం లేకపాయ.”

శివప్ప తల్లి చేతిని వదిలేశాడు.

“పొగ పైకి పోతాది అనుకుంటి మేడమ్,” అన్నాడు చివరికి. “చేను ఎండిపాయ, బోరు ఎండిపాయ. మిల్లు ఓనరు చంద్రమోహన్ బెంగళూరులో ఉంటాడు, ఈడ నిలబడి చేయించే మనిషి కావాలన్నాడు. కోళ్లు సచ్చినప్పుడు అనుమానం వచ్చి గొట్టం ఎత్తు పెంచమని అడిగితి. పెంచుతానన్నాడు. మా అమ్మకు ఇట్లయితాదని తెలిసింటే ఆ గేటు తొక్కిందునా?”

“తెలియక చేసిన దాని గురించి నేను మాట్లాడను శివప్పా,” అంది కృపాకుమారి. ఆమె గొంతు ఇంకా తగ్గింది. “తెలిసినాక చేసిన దాని గురించి అడుగుతాండా. సీసం తిండిలో ఉందని మీ అన్న నమ్మినాడు. నమ్మినోడు వంటగది చూసినాడు. నువ్వు ఆ సాయంత్రమే పడమటి పంచకు పట్ట కట్టినావు. మంచం లోపలికి మార్చినావు. అన్నంలో విషం ఉందనుకునేటోడు కిటికీ ఎందుకు మూస్తాడు? నీ రక్తం చూస్తే అందరికంటే ఎక్కువ ఉంటాదని తెలిసే సూది వద్దన్నావు. ఎక్కడి నుంచి వస్తాందో ఆ పొద్దు నీకొక్కడికే తెలుసు. అయినా భార్య మీద నింద పడుతుంటే చూస్తా ఊరుకున్నావు.”

“తెలుసు మేడమ్.” శివప్ప రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. “డాక్టర్ ఆ మాట అన్నప్పుడే తెలిసిపాయ. అమ్మకు నేనే విషం పెట్టినానని నా నోటితో ఎట్ల చెప్పల్ల? అంతలో అన్న ఈశ్వరి పేరెత్తినాడు. గమ్మున ఉంటి. మెల్లగా మిల్లు మానేస్తా, అమ్మకు నయమయితాది, అందరూ మరిచిపోతారు అనుకుంటి.”

“మానేసినావా?” అని హరినాథ్ అడిగాడు.

శివప్ప తల అడ్డంగా ఊపాడు.

పెద్దక్క అతని వైపు తిరిగింది. కొట్టబోయిందో, దగ్గరకు తీసుకోబోయిందో జాకబ్‌కు అర్థం కాలేదు. భుజం వరకు లేచిన చెయ్యి మణికట్టు దగ్గర వాలిపోయి, వేళ్లు అతని చొక్కాకు తగిలి జారాయి. ముసలామె గొంతులోంచి సన్నని మూలుగు వచ్చింది.

ఈశ్వరి గుమ్మం దాటి లోపలికి వచ్చింది. భర్తను చూడలేదు. కృపాకుమారి ముందు నిలబడింది.

“రెండు తూర్లు పోయింది గదా మేడమ్, నా కడుపు. అదీ ఈ గాలికేనా?”

కాదని చెప్పండి మేడమ్ అని జాకబ్ మనసులోనే వేడుకున్నాడు. కృపాకుమారి అబద్ధం చెప్పే మనిషి కాదు. ఆమె లేచి ఈశ్వరి చెయ్యి పట్టుకుంది.

“సీసం వల్ల అట్ల జరుగుతాది. నీకు జరిగింది దానివల్లేనని ఎవరూ ఖచ్చితంగా చెప్పలేరు. కాదని చెప్పేకి నాకూ నోరు రావడంలేదమ్మా.”

ఈశ్వరి తలూపింది. అప్పుడు శివప్ప వైపు తిరిగింది.

“పొగ సంగతి నీకు తెల్లేదు. సరే. మీ అన్న నన్ను హంతకురాలన్నప్పుడు నువ్వు పక్కనే ఉండావు. నీ నోరు పడిపోలేదు గదా.”

ఆమె అరవలేదు. అరిస్తే శివప్పకు కొంచెం తేలికయ్యేదేమో. అతను గోడకు తల ఆనించి అట్లాగే ఉండిపోయాడు. హరినాథ్ లేచి వచ్చి, “అమ్మా ఈశ్వరీ, నేను...” అని, చొక్కా కొసతో కళ్లు తుడుచుకున్నాడు.

మిల్లుకు అధికారులు, పోలీసులు పొద్దున్నే చేరుకున్నారని, తాము చెప్పిన మీదటే వెళ్లారని కృపాకుమారి అప్పుడు చెప్పింది. స్టేషనుకు తనే వస్తానన్నాడు శివప్ప. అన్నదమ్ములిద్దరూ ఒకే బండి మీద వెళ్లారు.

*

తరువాత జరిగింది చూశాక, జాకబ్‌కు మునుపటి ఏ కేసు ముగింపూ ఇంత చేదుగా అనిపించలేదు. మిల్లుకు సీలు వేశారు. చంద్రమోహన్‌ను బెంగళూరులో పట్టుకున్నారు, అంతలోనే బెయిలు మీద వదిలారు. కాలనీ పడమటి వరసలో ఇంకా ఎందరి రక్తంలోనో సీసం బయటపడింది. పొగ ఆగినా ఇళ్ల ముందున్న పైమట్టి చెక్కి తీసేస్తేగానీ ప్రమాదం పోదని కృపాకుమారి ఆఫీసుల చుట్టూ తిరిగింది. మూడు ఇళ్ల ముందు తీశారు, తక్కినవి తర్వాత చూద్దామన్నారు. శివప్పను జైలుకు కాకుండా ముందు ఆస్పత్రికి తీసుకుపోవలసి వచ్చింది. అతని ఒంట్లో ఉన్న సీసం చూసి డాక్టరు ఇన్నాళ్లూ ఈ మనిషి ఎలా నడిచాడని అడిగాడట.

ఈశ్వరి వెంటనే పుట్టింటికి పోలేదు. పెద్దక్కను ఆస్పత్రిలో చేర్చి, వైద్యం పూర్తయ్యేదాకా పక్కనే ఉంది. నీకెందుకమ్మా ఈ చాకిరీ అని జాకబ్ అడిగితే, “ఆయమ్మకు చెయ్యి లేదు గదన్నా, ఎవురు చేస్తారు?” అంది. నొప్పులు తగ్గాయి. మణికట్టు మాత్రం పూర్తిగా లేవలేదు. పెద్దక్కను హరినాథ్ ఇంట్లో దిగబెట్టాక తన బట్టలు సర్దుకుంది.

మడకశిర బస్సు ఎక్కించడానికి జాకబ్ వెళ్లాడు. కృపాకుమారే పంపింది. తను రాకుండా ఆఫీసులో ఒక్కతే కూర్చుండిపోయింది. శ్రావణం వచ్చినా గాలి తగ్గలేదు. బస్టాండులో జనం ముఖాలకు కొంగులు, తువ్వాళ్లు కట్టుకుని నిలబడ్డారు. ఈశ్వరి కిటికీ పక్క సీటులో కూర్చుని సంచి ఒళ్లో పెట్టుకుంది.

“రేపు ఆస్పత్రికి పోతాండా,” అన్నాడు జాకబ్, వేరే ఏం చెప్పాలో తెలియక. “శివప్పకు ఏమన్నా చెప్పల్లనా?”

ఆమె సంచి మూతి బిగించి కట్టింది. డ్రైవరు ఎక్కి ఇంజను స్టార్ట్ చేశాడు.

“మందులు టైముకు తాగమను అన్నా,” అంది. బస్సు కదిలింది. ఆమె కిటికీలోంచి తల బయటికి పెట్టింది. “నేను చెప్పినానని చెప్పొద్దు.”